మూడు కొత్త సర్వోలు

కోడలు హెలికాప్టర్ విప్పుకుని కూర్చుందంటే అత్తగారు ఆ గదిలో అడుగు పెట్టదు. ఒకసారి తెలియక వచ్చి చీపురు ఆడించిన పాపానికి ఆవగింజంత స్క్రూ ఒకటి మంచం కిందికి పోయి, ఇంటిల్లిపాదీ మోకాళ్ళ మీద పాకాల్సి వచ్చింది. అప్పటినుంచీ ఆవిడ బయటినుంచే కేకేసి అడుగుతుంది, "టీ అక్కడికే పంపనా, గాల్లో?" అని.

శనివారం మధ్యాహ్నం కూడా అలాగే అడిగింది. "అక్కడే ఉంచండి అత్తయ్యా, చేతులు ఖాళీగా లేవు" అంది కోడలు. బల్ల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద హెలికాప్టర్‌ని పడుకోబెట్టింది. రెక్కలు తీసేస్తే అది చూడ్డానికి బోసిగా ఉంటుంది. మూరెడున్నర పొడవు. మనిషి ఎక్కేది కాదనే గానీ మిగతా అన్నింటిలోనూ నిజమైనదే. పొట్టలో మూడు సర్వోలుంటాయి. సర్వో అంటే అరిగిన సబ్బుబిళ్ళంత మోటారు పెట్టె, దానికొక చిన్న చెయ్యి. నేల మీద నిలబడ్డ మనిషి రిమోట్‌లో స్టిక్కు ఎంత కదిపితే ఆ చెయ్యీ అంతే కదిలి, పైన తిరిగే రెక్కల వాలు మారుస్తుంది. ఆ మూడూ చెప్పిన మాట వింటేనే మిషను గాల్లో నిలబడుతుంది.

చలికాలం నుంచీ అది మాట వినడం లేదని మావగారి ఫిర్యాదు. ఒకచోట నిలబెడితే నిలవదు, అటూ ఇటూ ఊగిసలాడుతుంది. "సర్వోలకి వయసైపోయిందమ్మా, లోపల పళ్ళు అరిగిపోయుంటాయి" అన్నాడాయన. ఆమె ఒకటి విప్పి చూసింది. ప్లాస్టిక్ పళ్ళు కొంచెం అరిగిన మాట నిజమే. ఆ కాస్త అరుగుదలకే మిషను అంత ఊగుతుందా అని అనుమానం వచ్చింది కూడా. కానీ ఇరవయ్యేళ్ళుగా ఎగరేస్తున్న మనిషి మాట కాదనడం ఎందుకని, "అవును మావయ్యా, మార్చేద్దాం" అంది.

మధ్యరకం చాలంటే ఆయన వినలేదు. ఉన్నవాటిల్లోకెల్లా మంచివే కావాలన్నాడు. లోహపు పళ్ళవి, కంటి రెప్ప కంటే ముందు కదిలేవి. ఈ పాత మిషనుకి అవి మరీ ఎక్కువని ఆమెకి తెలుసు. అయినా పెట్టె విప్పి వాటిని చూస్తే ఆమెకే ముచ్చటేసింది. బజారులో ఫోన్లు బాగుచేసే కొట్లో ఆమె పని. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వెంట్రుకంత తీగల్ని అతికించే చేతులకి ఇలాంటి వస్తువు దొరకడమంటే పండగే.

పాతవి మూడూ ఊడదీసింది. కొత్తవాటికి రబ్బరు బిళ్ళలు వేసి కూర్చోబెట్టింది. రిమోట్ ఆన్ చేసి, స్టిక్కు సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు సర్వో చెయ్యి నిటారుగా ఉందో లేదో చిన్న మూలమట్టంతో కొలిచింది. ఒక పన్ను తేడా వస్తే తీసి మళ్ళీ పెట్టింది. ప్రతి స్క్రూకీ మొన మీద చుక్క జిగురు అద్ది బిగించింది. మావగారు ఎదురుగా కుర్చీలో కూర్చుని, చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఎప్పుడూ చివరి స్క్రూ బిగించడం ఆయన వంతు. ఆమె స్క్రూడ్రైవర్ అందించబోతే, "ఇవాళ నువ్వే కానియ్యమ్మా, నా కళ్ళద్దాలు వంటింట్లో ఉన్నాయి" అన్నాడు. కళ్ళద్దాలు ఆయన జేబులోనే ఉన్నాయి. ఆమె చూసింది గానీ ఏమీ అనుకోలేదు.

"గురువారం కొత్త క్రేనుకి ఇది శకునం" అంది, చివరి స్క్రూ బిగిస్తూ.

ఆయన నవ్వాడు. ఇనప సరుకు దించే యార్డులో ముప్ఫై ఒక్కేళ్ళుగా క్రేన్ నడుపుతున్నాడు. ఆయన్ని అక్కడ అందరూ 'అగ్గిపెట్టె' అంటారు. వయసులో ఉన్నప్పుడు పైనుంచి మణుగుల కొద్దీ బరువున్న కొక్కెం దించి, నేల మీద సగం తెరిచి పెట్టిన అగ్గిపెట్టెని నలగకుండా మూసేవాడట. ఆ పాత క్రేన్ తుక్కు కింద పోతోంది. దాని స్థానంలో వచ్చిన కొత్తదానితో గురువారం మొదటి బరువు ఎత్తేది ఆయనే. ఇంట్లో నాలుగు వారాలుగా అదొక్కటే మాట.

*

ఆదివారం పొద్దున ఊరవతల మైదానంలో ఎప్పుడూ వచ్చేవాళ్ళే ఏడెనిమిది మంది వచ్చారు. పళ్ళ డాక్టరు తన హెలికాప్టర్‌ని కారు డిక్కీలోంచి తీసి, ఎగరేయకుండా పక్కన పెట్టాడు. దానికి కూడా సర్వోలు మార్చాలట. "మీ మావగారిది చూశాక నాది నీకే అప్పజెప్తానమ్మాయ్" అన్నాడు. ఆమె పైకి "చూద్దాం సార్" అంది గానీ లోపల ఆనందం పట్టలేకపోయింది. కొట్లో ఎంత పని చేసినా పేరు ఓనరుకే పోతుంది. ఇక్కడ నలుగురి ముందు ఒక పని తనదని చెప్పుకోబోతోంది.

మావగారు హెలికాప్టర్‌ని గడ్డి లేని చోట పెట్టి, ఇరవై అడుగులు వెనక్కి వచ్చి రిమోట్ మెడలో వేసుకున్నాడు. రెక్కలు తిరగడం మొదలై, కాసేపటికి కనిపించకుండా పోయాయి. మిషను మెల్లిగా లేచింది. మోకాలెత్తు, నడుమెత్తు. అక్కడ నిలబెట్టాడు.

నిలబడలేదు. ఊగడం కాదు ఈసారి, వణకడం. చలిజ్వరం వచ్చిన మనిషిలా ఒళ్ళంతా వణికింది. వెనక తోక కొట్టుకుంది. "దించండి, దించండి" అని ఎవరో అరిచారు. ఆయన దించబోయాడు. మిషను ఒక పక్కకి ఒరిగి, రెక్క కొస నేలకి తగిలి, పెద్ద చప్పుడుతో బోర్లా పడింది. రెక్క ముక్కొకటి వచ్చి పళ్ళ డాక్టరు బూటు పక్కన పడింది.

 అందరూ మావగారి వైపు తిరిగారు. ఆయన రిమోట్ వైపే చూస్తున్నాడు. రెండు చేతుల్తో దాన్ని పొట్టకి అదుముకున్నాడు.

"ఏమైందండీ? ఇన్నేళ్ళలో మీ చేతిలో మిషను పడటం చూళ్ళేదు నేను" అన్నాడు డాక్టరు.

"బిగింపులో ఏదో తేడా వచ్చినట్టుంది" అన్నాడు మావగారు, తలెత్తకుండా. కాసేపాగి, "మా కోడలు బిగించింది" అన్నాడు.

ఇప్పుడు అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె చేతిలో బ్యాటరీల సంచీ ఉంది.  కాదు, నేను కొలిచాను, ప్రతి స్క్రూ రెండుసార్లు చూశాను అని నోటిదాకా వచ్చింది. నలుగురిలో మావగారిని అబద్ధాలకోరుని చెయ్యడమెలా? నోరు మూసుకుని వెళ్ళి ముక్కలు ఏరడం మొదలుపెట్టింది. ఒంగి ఏరుతుంటే వెనక ఒకాయన గొంతు తగ్గించానని అనుకుంటూ, "ఫోన్లు బాగుచెయ్యడం వేరు, ఇది వేరు" అన్నాడు.

వెళ్ళేముందు పళ్ళ డాక్టరు తన హెలికాప్టర్‌ని మళ్ళీ డిక్కీలో పెట్టుకున్నాడు. "తొందరేం లేదులేమ్మా, ఇంకోసారి చూద్దాం" అన్నాడు, మర్యాదగానే. ఆ మర్యాదకే ఆమెకి ఏడుపొచ్చింది. దారి పొడుగునా బండి మీద వెనక కూర్చుని, ఒళ్ళో విరిగిన మిషను పట్టుకుని, ఎదురుగా మావగారి వీపు చూస్తూ వచ్చింది. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

*

ఇంట్లో మొగుడు మాట్లాడాడు. అవసరమైన దానికన్నా ఎక్కువే మాట్లాడాడు.

"నీకెందుకు చెప్పు ఈ కెలుకుడు? కొట్లో చాలడం లేదా? గురువారం నాన్న పది మంది ముందు కొత్త క్రేన్ ఎక్కబోతున్నాడు. ఈ టైములోనా ఆయన మనసు పాడుచేసేది?"

"నేను సరిగ్గానే బిగించాను."

"మరెందుకు పడింది?"

దానికి ఆమె దగ్గర జవాబు లేదు. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది. జవాబు ఉంటే మొహాన కొట్టేసేది.

"పోనీలేరా, ఆటబొమ్మ కోసం ఇంత రాద్ధాంతమా" అంది అత్తగారు కంచాలు పెడుతూ. "నువ్వు పగలగొట్టిన వాటి లెక్క నేను చెప్పనా, నీ పెళ్ళాం ముందు?" మొగుడు గొణుక్కుంటూ అన్నానికి కూర్చున్నాడు. మావగారు తల వంచుకుని తింటున్నాడు. కోడలు ఆయన మొహంలోకి చూసింది, ఒక్కసారి చూస్తాడేమోనని. చూడలేదు. గబగబా నాలుగు ముద్దలు తిని, చెంచా కంచంలో పడేసి లేచిపోయాడు. ఆయన ఎప్పట్నుంచి చెంచాతో తింటున్నాడో ఆమెకి గుర్తు రాలేదు.

తాను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక మూగదానిలా తిరుగుతుంటే, ఈయనే ఒకరోజు ఒక డబ్బా నిండా స్క్రూలు తెచ్చి ముందు పోసి, "ఇవి సైజులవారీగా ఏరిపెట్టగలవా తల్లీ?" అని అడిగాడు. ఆ రోజు నుంచీ ఇది ఆమెకి తన ఇల్లు. ఆ మనిషి ఇవాళ ఆమెని నలుగురికీ చూపించి, ఇదిగో తప్పు ఇక్కడుంది అన్నాడు. ఆమె చెయ్యి కడుక్కుంటూ ఏడ్చింది. కుళాయి చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

*

సోమవారం హెలికాప్టర్‌ని సంచీలో పెట్టుకుని కొట్టుకి తీసుకెళ్ళింది. పనిలేని గంటలో బల్ల మీద పెట్టి, ఒక్కొక్క సర్వో విప్పి, భూతద్దం కింద చూసింది. లోహపు పళ్ళ మీద గీత కూడా లేదు. స్క్రూలకి జిగురు పట్టే ఉంది, ఒక్కటీ వదులవలేదు. పడ్డ దెబ్బకి రెక్కలు విరిగాయి, తోక గొట్టం సొట్టపోయింది, అంతే. ఓనరు వచ్చి ఆమె భుజం మీంచి తొంగి చూశాడు. ఆయన నోటివెంట మంచిమాట రావడమంటే ఎండాకాలం వాన.

"ఎవరు బిగించారు ఇది?"

"నేనే."

"మరేం వెతుకుతున్నావ్? బాగానే ఉందిగా" అని వెళ్ళిపోయాడు.

ఆ మాటకి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. బాగానే ఉంటే ఎందుకు వణికినట్టు?

మంగళవారం సాయంత్రానికి కొత్త రెక్కలూ తోకా వచ్చాయి. అయితే రెక్కలు వెంటనే బిగించలేదు. మోటారు తీగ ఊడదీసి, సర్వోలకి మాత్రం కరెంటిచ్చి, బల్ల మీద నిలబెట్టింది. ఇలాగైతే ఏదీ తిరగదు, సర్వోల చేతులు మాత్రం కదులుతాయి. స్టిక్కు కొంచెం ముందుకి నెట్టింది. మూడు చేతులూ కలిసి కదిలాయి. వదిలింది. మూడూ కలిసి ఆగాయి. పది నిమిషాలు అలాగే చేసింది. చిన్న తేడా కూడా లేదు.

మావగారు యార్డునుంచి వచ్చి, చెప్పులు విడిచి, గుమ్మంలో నిలబడ్డాడు.

"దొరికిందా?"

"లేదు మావయ్యా. మీరొకసారి చూడండి. మీకు తెలుస్తుందేమో."

ఆయన తటపటాయించాడు. తర్వాత వచ్చి కూర్చుని రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేళ్ళు రెండూ స్టిక్కుల మీద పెట్టాడు.

సర్వోలు జివజివమన్నాయి.

ఆమె వంగి చూసింది. మూడు చేతులూ వణుకుతున్నాయి. బియ్యపుగింజ మందం, అంతకన్నా ఎక్కువ లేదు. కానీ ఆగడం లేదు. ఆమె మిషను వైపు చూసింది, తీగలు చూసింది, మెల్లిగా ఆయన వేళ్ళ వైపు చూసింది. కుడి బొటనవేలు స్టిక్కు మీద కదలకుండా ఉన్నట్టే ఉంది. కానీ మణికట్టు దగ్గర నరం అదే వరసలో కొట్టుకుంటోంది.

"చూశావా? ఇంకా ఉంది" అంటూ ఆయన రిమోట్‌ని బల్ల మీద పెట్టేశాడు. సర్వోలు ఠక్కున ఆగిపోయాయి. "నీకు తీరికైనప్పుడు మళ్ళీ చూడు" అని లేచి, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆమె రిమోట్ తీసుకుని, ఆయన పట్టుకున్నట్టే పట్టుకుంది. నిశ్శబ్దం. పావుగంట పట్టుకుంది. నిశ్శబ్దం.

పాత సర్వోలు మొద్దువి. పళ్ళ మధ్య సందులుండేవి, చెప్పిన మాట ఆలస్యంగా వినేవి. ఆయన చేతి వణుకులో సగానికి సగం ఆ సందుల్లోనే పోయేది. మిగిలిందే ఊగిసలాట అయింది. కొత్తవి అలా కాదు. చెయ్యి ఏం చెప్తే అది, ఎంత చెప్తే అంత, ఒక్క పిసరు దాచకుండా చేశాయి. ఆయన కోరి తెప్పించమన్నవాటిని తనే మూలమట్టం పెట్టి కొలిచి, తనే బిగించింది. బిగింపులో తప్పు లేదు. తప్పు లేకుండా బిగించినందుకే ఆదివారం అందరి కళ్ళ ముందూ మిషను వణికింది.  తన పేరు నిలబడ్డందుకు సంతోషం రావాలి కదా, అది మాత్రం రాలేదు.

*

బుధవారం పొద్దున ఆమెకి ఒక ఉపాయం తట్టింది. రిమోట్‌లో ఒక వీలుంది. స్టిక్కు నడిమధ్యన జరిగే చిన్నచిన్న కదలికల్ని మిషను పట్టించుకోకుండా మెత్తబరచొచ్చు. నాలుగు మీటలు నొక్కితే చాలు. ఆయనకి చెప్పనక్కర్లేదు. వచ్చే ఆదివారం మైదానంలో మిషను నిలబడుతుంది, తప్పు దొరికింది సరిచేశానని తను అనేస్తుంది. కావాలంటే తప్పు నాదేనని కూడా అనేస్తుంది. పళ్ళ డాక్టరు నవ్వుకుంటే నవ్వుకోనీ. మావగారి పరువు నిలబడుతుంది.

కొట్లో కూర్చుని అలాగే చేసింది. అంకె పెంచి, చెయ్యి కావాలని కొంచెం వణికించి చూసింది. సర్వోలు కదల్లేదు. ఇంత సులువా అనిపించింది. రిమోట్ సంచీలో పెట్టి, ఓనరుకి గంటలో వస్తానని చెప్పి, ఎందుకో తిన్నగా యార్డుకి నడిచింది. మధ్యాహ్నం బువ్వ వేళ. క్రేన్ చూడ్డానికొచ్చానంటే గేటు దగ్గర మనిషి, "అగ్గిపెట్టె గారి కోడలా? వెళ్ళమ్మా" అని వదిలేశాడు.

కొత్త క్రేన్ పసుపురంగులో మిలమిలలాడుతోంది. పాతది పక్కనే తుప్పు పట్టి ఉంది. దాని గదిలో మోచేతంత పొడవు ఇనప లివర్లు, నెట్టాలంటే భుజబలం కావాలి. కొత్తదాని గదిలో ఒక కుర్చీ, కుర్చీ చేతుల మీద రెండు చిన్న పిడులు. రెండు వేళ్ళతో తాకితే చాలట. బరువులకి బెల్టులు కట్టే అతను అన్నం గిన్నె పక్కన పెట్టి మరీ ఆమెకి అన్నీ చూపించాడు. రేపు ఎత్తబోయే ఇనప దూలాల కట్ట కూడా చూపించాడు. దాని కింద తనూ ఇంకో ఇద్దరూ నిలబడి మొదటి తాడు పట్టాలట.

"భయం వెయ్యదా?" అని అడిగింది.

"వేరేవాళ్ళు పైనుంటే వేస్తుంది. మీ మావగారుంటే మేం తలెత్తి కూడా చూడమమ్మా. ఆయన మీద అంత ధీమా" అని నవ్వాడు. పంటి మధ్య మెతుకుంది. పాతికేళ్ళుంటాయేమో. గిన్నె మూత మీద ఎవరో చిన్నపిల్లలు కలంతో ఇంటి బొమ్మ గీశారు.

ఆమె బయటికొచ్చి గోడ నీడన నిలబడింది. సంచీలోంచి రిమోట్ తీసింది. పొద్దున పెంచిన అంకెని మళ్ళీ సున్నాకి తెచ్చింది. ఆ నాలుగు మీటలు నొక్కడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

*

సాయంత్రం మావగారు మేడ మీద ఉన్నాడని అత్తగారు చెప్పింది. "రేపటి గురించి ఆలోచనలు కాబోలు. వచ్చిన దగ్గర్నుంచీ అక్కడే. కాస్త కిందికి తీసుకురా, బట్టలు తియ్యడానికి ఎలాగూ నేనూ వస్తా."

ఆయన పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె చేతిలో హెలికాప్టర్, రిమోట్ చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆమె మిషనుని నేల మీద పెట్టి, రిమోట్ అందించింది.

"ఒక్కసారి పట్టుకోండి మావయ్యా."

"ఎందుకు?"

"ఒక్కసారి."

ఆయన చెయ్యి చాచలేదు. "పట్టుకుంటే ఏమవుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కూర్చో అమ్మా."

ఆమె కూర్చోలేదు.  "మీకు తెలుసా? ఎప్పట్నుంచి?"

"అంత మంచి సర్వోలు ఎందుకు తెప్పించమన్నానని అనుకున్నావ్?"

"మిషను బాగుపడాలని."

"మిషను బాగానే ఉందేమోనని భయం వేసి." ఆయన గొంతు సవరించుకున్నాడు. "చలికాలం నుంచీ నాకు అనుమానమే. సర్వోలదా, నాదా అని. ఉన్నవాటిల్లో మంచివి తెప్పించి నీ చేత్తో బిగిస్తే, ఇంక నెపం వెయ్యడానికి ఏమీ మిగలదు, తేలిపోతుంది అనుకున్నాను. తేలింది. ఆదివారం మిషను లేచిన మరుక్షణం తేలింది. చూస్తే అందరూ నా వైపే చూస్తున్నారు. ఏమీ మిగలదనుకున్నానా... నువ్వు మిగిలావమ్మా."

ఆమె రిమోట్‌ని మిషను పక్కన నేల మీద పెట్టింది. 

"నన్ను ఒక్క మాట అడిగుంటే ఏం పోయేది?" అంది. "వాళ్ళందరి ముందూ..."

"అడిగితే నువ్వు నిజం చెప్పేస్తావుగా." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "తప్పే తల్లీ. పెద్దవాణ్ణి, నీకు దణ్ణం పెట్టలేను. తప్పు మాత్రం తప్పే."

కింద వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆమె ఆయన పక్కన పిట్టగోడ మీద కూర్చుంది.

"రేపు ఎక్కుతారా?"

"ఎక్కాలనే అనుకున్నా. పాత క్రేన్ మీద నెట్టుకొచ్చాను కదా. ఆ లివర్లు మొరటువి, నా వణుకు వాటిదాకా పోయేది కాదు. నిన్న కొత్తదాంట్లో కూర్చుని ఖాళీ కొక్కెం దించాను. కింద దాని నీడ వణికింది. బెల్టులు కట్టే అబ్బాయి గాలి అనుకుని, 'గాలి ఎక్కువగా ఉందండీ' అని అరిచాడు. గాలెక్కడిది? ఆకు కదల్లేదు నిన్న."

"ఇవాళ ఆ అబ్బాయిని చూశాను. రేపు దాని కింద నిలబడతాడట."

"తెలుసు."

"మీరు పైనుంటే తలెత్తి కూడా చూడడట."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి ఆమెకిచ్చాడు. "మేనేజరుకి కలిపివ్వు. నాకు అంకెలు సరిగ్గా పడటం లేదు."

ఆమె కలిపి, స్పీకరు నొక్కి, ఆయన నోటి దగ్గర పట్టుకుంది. మేనేజరు హుషారుగా ఉన్నాడు. రేపు ఫొటోలు తీయడానికి మనిషిని మాట్లాడామని, మంచి చొక్కా వేసుకుని రమ్మని చెప్పాడు.

"రేపు నేను ఎక్కనండీ" అన్నాడు మావగారు.

"అదేంటి సార్? ఒంట్లో బాలేదా? జ్వరమా?" అవతలి గొంతులో నిజంగానే కంగారుంది. "జ్వరమైతే చెప్పండి, సోమవారానికి మార్చేద్దాం. మీరు లేకుండా ఎలా?"

జ్వరమైతే సోమవారం. ఎంత సులువైన మాట! ఆయన ఆమె వైపు చూశాడు. ఆదివారం నుంచి మొదటిసారి నేరుగా కళ్ళలోకి చూశాడు. అవునని తల ఊపెయ్యాలనిపించింది ఆమెకి. ఫోన్ పట్టుకున్న చెయ్యి కదల్చకుండా, ఏ సైగా చెయ్యకుండా అలాగే ఉండిపోయింది.

"జ్వరం కాదండీ" అన్నాడాయన. "చెయ్యి వణుకుతోంది. చాలా రోజులుగా. ఇంక నేను ఎక్కకూడదు."

 మేనేజరు ఏదో మెల్లిగా అన్నాడు, రేపు వచ్చి కలవమని, డాక్టరుకి చూపిద్దామని. ఆయన సరేనన్నాడు. ఆమె ఫోన్ ఆపేసింది.

"ఎవరి చెయ్యి వణుకుతోందిట?" అత్తగారు మెట్లెక్కి వచ్చి, దండెం మీద చీర లాగుతోంది. చివరి మాటలు చెవిన పడ్డట్టున్నాయి. "మీదా? బాగుంది. ముప్ఫై అయిదేళ్ళలో ఒక్క గిన్నె కడిగిన చెయ్యి కాదు, దానికీ వణుకేనా! నా చేతులేం కావాలి మరి?"

తన మాటకి తనే నవ్వింది. చీర మడతపెడుతూ ఇటు తిరిగింది. మావగారు నవ్వలేదు. కోడలు తల వంచుకుని ఉంది.

"ఏమయ్యా?" అంది. "నిజంగానా?"

ఆయన కుడి చెయ్యి ముందుకి చాచాడు, అరచెయ్యి కిందికి పెట్టి. ఎవరూ పట్టుకోకుండా, దేన్నీ పట్టుకోకుండా ఆ చెయ్యి గాల్లో ఉంది. ఆవిడ చూసింది. మడత పెట్టిన చీర జారి కాళ్ళ దగ్గర పడింది.

"టీ సగం గ్లాసే పొయ్యమంటే... షుగరు భయం కాబోలనుకున్నాను" అంది. "నాకెందుకు చెప్పలేదయ్యా?"

 ఆవిడ దగ్గరికొచ్చి, నేల మీద ఆయన ముందు కూలబడి, ఆ చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టి గట్టిగా పట్టుకుంది. ఇంకా గట్టిగా పట్టుకుంది. వణుకు ఆగలేదు, ఆవిడ గాజులు చప్పుడు చేయడం మొదలుపెట్టాయి.